ఎడ్వర్డు స్టైకెన్ - మోర్గను ముఖచిత్రము

1903వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి యొక చిత్రకారుని గదిలోనికి, అమెరికా బ్యాంకుల కెల్ల పెద్దయనదగిన జాన్ పియర్‌పాంటు మోర్గను వచ్చి, టోపీ తీసి ప్రక్కనుంచి, చేతి చుట్టను విడిచి, కుర్చీలో కూర్చుండెను. మూడు నిమిషములు గడచునప్పటికి లేచి వెడలిపోయెను. ఆ మూడు నిమిషములలో ఇరువదినాలుగేండ్లకు మించని యొక యువకుడు రెండు పలకలమీద ఆయన రూపమును పట్టెను. వానిలో నొకదానిని మోర్గను మెచ్చుకొని 12 ప్రతులు తెప్పించుకొనెను. రెండవదానిని చూచిన తోడనే చింపివేసెను. ఆయన మెచ్చిన పటమును నేడు తలచువారు తక్కువ. చింపివేసిన పటమే, మోర్గనను పేరు వినబడినప్పుడెల్ల, లోకుల కన్నులయెదుట నిలుచుచున్నది. ఇట్లేల జరిగెనో తెలియవలెనన్నచో ఆ యువకుని కథను మొదటినుండి చెప్పవలసియున్నది.

అతని పేరు ఎడ్వర్డు స్టైకెన్. 1879 మార్చి 27వ తేదీన యూరపులోని చిన్నరాజ్యమగు లక్సెంబర్గులో జన్మించెను. అతని పసితనముననే తలిదండ్రులు అమెరికాకు వలసపోయిరి. తండ్రి మిషిగను రాష్ట్రమున రాగిగనులలో పనిచేసి ఆరోగ్యము చెడగొట్టుకొనగా, తల్లి ఆడువారి టోపీల దుకాణము పెట్టి సంసారభారమును మోసెను. 1889లో వారు మిల్వాకీ నగరమునకు కాపురము మార్చిరి. పదునైదవయేట కుఱ్ఱవాడు లిథో అచ్చుకూటమున నాలుగేండ్ల శిష్యరికమునకు కుదిరెను. మరుసటి సంవత్సరమున ఒకరు వాడిన పెట్టెకెమెరా నొకదానిని కొనెను. మొదటి చుట్టలో 50 పటములు తీయగా ఒక్కటిమాత్రమే తేరెను. అది పియానోముందు కూర్చున్న చెల్లెలి పటము. ఏబదింటికి ఒక్కటి యేమి గిట్టుబాటని తండ్రి పెదవి విరిచెను. ఇంత చక్కని పటమొక్కటి వచ్చినచో తక్కిన 49 పోయినను పోనిమ్మని తల్లి పలికెను. ఆ కొడుకు తల్లిమాటనే నమ్ముకొని బ్రతికెను.

అచ్చుకూటములో అతడు చేసిన పని యొకటి ఇచ్చట చెప్పదగియున్నది. అచ్చట వర్తకులకు ప్రకటనపటములు సిద్ధము చేయుచుండిరి. పందిమాంసపు వర్తకునికి పంది బొమ్మ కావలసివచ్చినప్పుడు, ఏనాటివో పాతబొమ్మలను ముందుంచుకొని గీయుట వాడుక. అట్టి పందులు ఏ దొడ్డిలోను లేవు. స్టైకెన్ కెమెరా చేతబట్టుకొని పల్లెలకు పోయి, నిజమైన పందులను, నిజమైన గోధుమచేలను ఫోటోలు తీసి తెచ్చెను. వర్తకులు పరమానందము నొందిరి. తమ సరుకు ఉన్నది ఉన్నట్లు కనబడవలెనని వారి కోరిక. అయితే సరుకువిషయమున ఇంత సత్యప్రియులైన వర్తకులు తమ సొంత ముఖముల విషయమున అట్లుండరని అతనికి మరి కొన్నియేండ్లకు గాని తెలియలేదు.

1900లో అతడు చిత్రలేఖనము నభ్యసించుటకై పారిసునకు బయలుదేరెను. త్రోవలో న్యూయార్కునందు ఆల్‌ఫ్రెడు స్టీగ్లిట్జును దర్శించెను. ఛాయాచిత్రము కూడ కళయే యని అమెరికాలో పోరాడుచున్న వారిలో స్టీగ్లిట్జు అగ్రగణ్యుడు. ఆయన ఈ కుఱ్ఱవాని పటములు మూడు కొనెను. 1902లో వీరిద్దరును మరికొందరును గూడి ఫోటో సెసెషన్ అను సంఘమును స్థాపించిరి.

పారిసులో స్టైకెన్ శిల్పియగు రోదెను నాశ్రయించెను. ఈ భాగమును చదువరులు మనసులో నుంచుకొనవలెను. రోదె పటమును తీయుటకు ముందు ఇంచుమించు ఒక సంవత్సరము వారము వారమును ఆయన శిల్పశాలకు పోయి, ఆయన పనిచేయు తీరును, మౌనముగా నిలుచు తీరును చూచుచుండెను. కడకు తీసినదియు ఒక్క పటము కాదు. రోదెను, వెనుక తెల్లగా నిలిచిన విక్టర్ హ్యూగో విగ్రహమును ఒక పలకమీదను, ఆలోచనాపరుడను ఆయన శిల్పమును మరియొక పలకమీదను తీసి, రెంటిని ఒక్కటిగా కూర్చి అచ్చొత్తెను. ఆ పటములో ఉన్నట్లు ఆ మువ్వురు ఏనాడును కెమెరాముందు ఒక్కసారి నిలువలేదు. దీనిని సత్యమందుమా, అసత్యమందుమా? రోదెను ఎరిగినవారు మాత్రము అది రోదెయే యనిరి. సంవత్సరకాలపు పరిచయముతో, రెండు పలకల కూర్పుతో ఒక కళాకారుని స్వరూపమును పట్టిన చేయి, మరుసటి యేడు పరిచయమే లేని ధనస్వామిని మూడు నిమిషములలో పట్టవలసివచ్చెను.

మన యిండ్ల ముందరి సావిళ్లలో వ్రేలాడు పటములను ఒకసారి తలచుకొనుడు. వెనుక స్తంభములు, మెట్లు చిత్రించిన తెర. ప్రక్కను పూలకూజా గల ఎత్తుపీట. దానిమీద ఒక చేయి. భుజముమీద జరీ శాలువ. ఊపిరి బిగబట్టిన ముఖము. ఆ పటములో శాలువ యున్నది, చేతి యుంగరమున్నది, గడియారపు గొలుసున్నది. ఇంటిని, పొలమును, తగవులను నడిపిన తాతగారు మాత్రము అందులో కానరారు. ఇది మనదేశపు లోపమేమియు గాదు. డబ్బిచ్చి పటము తీయించుకొనువాడు తాను లోకమునకు ఎట్లు కనబడదలచెనో అట్లే కూర్చుండును. డబ్బు పుచ్చుకొనువాడు అట్లే తీయును. న్యూయార్కులోను ఇదే ఆచారము.

మోర్గను 1837లో కనెక్టికటు రాష్ట్రమున హార్టుఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రియు బ్యాంకరే. స్విట్జర్లాండులోను, జర్మనీయందు గొట్టింగెను విశ్వవిద్యాలయమునను చదివెను. 1861లో ప్రేమించి పెండ్లాడిన భార్య నాలుగు నెలలకే క్షయవ్యాధితో మరణించెను. తరువాత మరల వివాహమాడెను గాని, ఆ మొదటి దుఃఖము ఆయనను విడువలేదని చరిత్రకారులు వ్రాయుదురు. పోటీలవలన చితికిపోవుచున్న రైలుమార్గపు కంపెనీలను చేరదీసి, కూర్చి, తన యదుపులో నుంచుకొనుట ఆయన విద్య. 1895లో ప్రభుత్వపు ఖజానాయందు బంగారము తరిగిపోగా, అధ్యక్షుడు క్లీవ్‌లాండు ఆయన సాయమునే అర్థించెను. 1901లో కార్నెగీ ఉక్కు కార్ఖానాలను 48 కోట్ల డాలర్లకు కొని, మరికొన్నింటితో కలిపి, 140 కోట్ల డాలర్ల మూలధనముతో ఉక్కు కంపెనీని నిలిపెను. నూరుకోట్లు దాటిన మూలధనముగల కంపెనీ లోకమున అదియే మొదటిది. మరుసటి యేడే, ఆయన కూర్చిన రైలుకంపెనీల కూటమిమీద అధ్యక్షుడు థియొడోరు రూజ్‌వెల్టు ప్రభుత్వము వ్యాజ్యము వేసెను. ఒక్క మనుజుని గుప్పిటిలో ఇంత బలముండుట ప్రజారాజ్యమునకు క్షేమమా యని పత్రికలు ఎలుగెత్తి అడుగుచున్న కాలమది.

అట్టివానికి ఒక బాధ యుండెను. చర్మవ్యాధివలన ముక్కు ఉబ్బి, గడ్డలుకట్టి, ఎఱ్ఱబడియుండెను. వీధిలో ఫోటోలు తీయవచ్చిన పత్రికలవారిని ఆయన చేతికఱ్ఱ యెత్తి తరిమెడివాడు. అనుమతించిన పటములలో ముక్కును దిద్దుట తప్పనిసరి. ఇంతటి ధనస్వామి ఇంత చిన్నదానికి జంకెనే యని నవ్వుట సులభము. కాని తన ముఖమును తానెన్నుకొనలేదను విషయమున కోటీశ్వరునికిని కూలివానికిని భేదము లేదు. ఆయన జంకునందు నాకు పరిహాసాస్పదమైనదేదియు కనబడదు.

ఫెడర్ ఎంకె యను జర్మను చిత్రకారుడు మోర్గను చిత్రమును రంగులలో వ్రాయుచుండెను. మోర్గనునకు ఓపిక తక్కువ. చిత్రకారుని యెదుట గంటలకొలది కూర్చుండువాడు కాడు. ఫోటో యొకటి యున్నచో దానిని చూచి చిత్రమును పూర్తిచేయవచ్చునని ఎంకె స్టైకెనును పిలిపించెను. అనగా మన యువకుని పని చిత్రకారునికి చేతిసాయము మాత్రమే.

అతడు ముందుగనే వచ్చి ఆ భవనపు కావలివానిని పిలిచి మోర్గను కుర్చీలో కూర్చుండబెట్టెను. వెలుతురు ఏవైపునుండి రావలెనో, కెమెరా ఎంత దూరమున నుండవలెనో, పలకను ఎన్ని క్షణములు తెరవవలెనో ఆ పేదవాని ముఖముమీద సరిచూచుకొనెను. మోర్గను వచ్చి కూర్చుండునప్పటికి తేల్చుకొనవలసినది ఏదియు మిగులలేదు. ఛాయాచిత్రకారుల వృత్తిలో ఈ మర్మము ముఖ్యమైనది. యంత్రముతో తగవులన్నియు ముందే తీర్చుకొన్నవానికి గాని ఎదుటి మనిషిని చూచుటకు తీరిక దొరకదు. పెద్ద వర్తకుని కాలము విలువైనది. అతని యెదుట దీపములు సవరించుచు తడబడుచుండిన, పటమున తుదకు మిగులునది అతని విసుగే.

మొదటి పలకమీద ఎంకె కోరిన భంగిమనే తీసెను. తల ఒకవైపునకు, చేతులు అలవాటైన తీరున. అది నిర్దుష్టమైన పటము. రెండవ పలకకు ముందు స్టైకెన్ చేతులను, తలను కొంచెము వేరుగా ఉంచుమని కోరెను. మోర్గను అట్లే చేసి, ఇది సుఖముగా లేదని చిరాకుపడెను. అయినచో తమకు హాయిగా నుండునట్లు సర్దుకొనుడని యువకుడు బదులుచెప్పెను. మోర్గను తలను అటునిటు త్రిప్పి, కదలి, తుదకు వెనుకటి భంగిమకే చేరెను. భంగిమ అదియే కాని మనిషి మారిపోయెను. తనకు సుఖము కాని దొకటి యెవరో తనచే చేయింపజూచినందున లోపలి పౌరుషము పైకి వచ్చెను. వెన్ను నిలిచెను, చూపు వాడియయ్యెను. ఆ క్షణముననే స్టైకెన్ పలకను తెరచి మూసెను. ఆ చూపు చీకటిలో ఎదురువచ్చు రైలుబండి దీపమువలె నుండెనని అతడు వార్ధక్యమున చెప్పుకొనెను.

మోర్గను కోపగింపలేదు. ఇంత త్వరగా పని ముగించిన కుఱ్ఱవానిని మెచ్చుకొని, 500 డాలర్లు రొక్కముగా ఇప్పించి సాగిపోయెను. ఆ రోజులలో అది యొక యువకునికి చిన్న మొత్తము గాదు.

ప్రతులు చూపినప్పుడు కథ తిరుగబడెను. మొదటిదానియందు ముక్కును దిద్దియుండిరి, అది నచ్చెను. రెండవదానిని చింపి పారవేసెను. తనవంటి యువకుని పనిని ఒక్క మాటయు అడుగక చింపుట స్టైకెనునకు మనసున నాటెను. కాని పలక అతనియొద్దనే యుండెను. దానినుండి మరియొక ప్రతి తీసి స్టీగ్లిట్జున కిచ్చెను. కొన్నియేండ్లకు మోర్గను గ్రంథాలయపాలకురాలగు బెల్ డ కాస్టా గ్రీన్ ఆ ప్రతిని చూచి ఆశ్చర్యపడెను. ఆమె 1905 మొదలుకొని మోర్గనుయొద్ద ప్రతిదినము పనిచేసినది. ఆయన ముద్దుముచ్చటలను, ఆగ్రహమును, ఔదార్యమును కన్నులార చూచినది. ఆయనయందు గౌరవము గలది. ఆయన పటములలో దీనికి మించినది లేదని ఆమె తీర్పుచెప్పెను. అంతట మోర్గను 5,000 డాలర్లిచ్చి ఆ ప్రతిని కొనజూచెను. స్టీగ్లిట్జు అమ్మలేదు. అప్పుడు కొత్త ప్రతులు కావలెనని స్టైకెనుకే వర్తమానము వచ్చెను. అతడు సరేయని, ఇంచుమించు మూడేండ్లు జాగుచేసి, అప్పుడు పంపెను. చింపినందులకు ఇది పిల్లవాని ప్రతీకారమని తరువాత తానే ఒప్పుకొనెను.

ఇక ఆ పటమున ఏమున్నదో చెప్పవలెను. చిత్రమంతయు చీకటి. ఆ చీకటిలోనుండి నుదురు, కన్నులు, మీసము, తెల్లని కాలరు, గడియారపు గొలుసు బయటపడును. ఎడమచేయి కుర్చీచేతిని పట్టుకొనియుండును. నున్నని ఆ కుర్చీచేతిమీద వెలుతురు తళుక్కుమని, అది యొరనుండి తీసిన బాకువలె కనబడును. చూచినవారెల్లరు బాకనియే యనుకొనిరి, నేటికిని అనుకొనుచున్నారు. కంపెనీలను కోసి కూర్చువాని చేతిలో కత్తియుండుట తగియేయున్నదని లోకము తృప్తిపడెను. స్టైకెన్ మాత్రము దానిని తాను తలపెట్టలేదనెను.

ఈ బాకువిషయమున నాకు సంశయమున్నది. రెండవ పటము సత్యమని అందరు చెప్పుదురు. కాని అందులో అందరికిని నచ్చిన భాగము, అనగా బాకు, అసత్యము. అది కుర్చీ. ఆ కాలపు ప్రజలు మోర్గనును ముందే దోషిగా నిర్ణయించుకొనియుండిరి గనుక కఱ్ఱముక్క వారికి ఆయుధమై తోచెను. మరి ఆ పటమున సత్యమెక్కడ? నాకు తోచినంతవరకు అది ముఖమునందున్నది. దానికి సాక్షులు ఆయన శత్రువులు గారు, ఆ గ్రంథాలయపాలకురాలు. ఆయనను ద్వేషించువారు మెచ్చినదానికంటె ఆయన యుప్పు తిన్నవారు గుర్తుపట్టినది బలమైన సాక్ష్యము. 1907లో బ్యాంకులు కూలుచున్నప్పుడు మోర్గను న్యూయార్కు బ్యాంకరులను తన గ్రంథాలయమున చేర్చి, తలుపులకు తాళము వేయించి, తెల్లవారుజామున అందరు చందా ఒప్పుకొనువరకు విడువలేదు. ఆ రాత్రి వారికి కనబడిన ముఖము మొదటి పటములోని దిద్దిన ముఖము కాజాలదు. ఆ రాత్రి ఆయన దేశమును నిలిపెననుట నిజమే, దేశము ఒక్కని చేతిలో నుండెననుటయు నిజమే. రెండును ఆ చూపులో నున్నవి.

స్టైకెన్ చేసినది న్యాయమా యను ప్రశ్నయు కలదు. మనిషిని ఒక క్షణము కదిలించి, ఆ క్షణపు ముఖమునే అతని ముఖమని లోకమునకు చాటుట తగునా? తగదనువారి వాదము త్రోసిపుచ్చదగినది కాదు. అయితే అతడు మోర్గనును అవమానింపలేదు, మోసగింపలేదు. అలవాటుపడిన భంగిమను ఒక్కసారి చెరిపి, తన యిష్టము చొప్పున మరల కూర్చుండనిచ్చెను. వచ్చినది మోర్గను స్వయముగా ఎన్నుకొన్న భంగిమయే. ఇంత మర్యాదగా చేసిన అల్లరి అరుదు.

పటములయెడల ఇంత వెరపుగల మోర్గను 1906లో ఎడ్వర్డు కర్టిస్ అను ఛాయాచిత్రకారునికి, అమెరికా ఆదిమజాతులవారి పటములు తీయుటకై, అయిదేండ్లలో 75,000 డాలర్లు ఒసగుటకు ఒప్పుకొనెను. ఇతరుల ముఖములు చూడ ఆయనకు వేడుక కాబోలు. 1912లో ప్రతినిధిసభవారి విచారణసంఘము ఎదుట సాక్ష్యమిచ్చి, 1913 మార్చి 31వ తేదీన రోమునగరమున కాలధర్మము నొందెను.

స్టైకెన్ అటుపిమ్మట అరువదేండ్లు జీవించెను. మొదటి మహాయుద్ధమున ఫ్రాన్సులో అమెరికా సేనకు విమానములనుండి పటములు తీయు శాఖను నడిపెను. అచ్చట మసకకు తావు లేదు. కందకము కందకముగ కనబడవలెను. ఆ పని అతని దృష్టిని మార్చెను. యుద్ధానంతరము తాను వ్రాసిన వర్ణచిత్రములను రాశిపోసి తగులబెట్టి, ఒక తెల్లని గిన్నెను, సాసరును నల్లని మఖమలు ముందుంచి, వెలుతురు మెట్టు మెట్టుగ ఎట్లు మారునో తెలియుటకు వందలకొలది పర్యాయములు ఫోటోలు తీసెను. పేరుపొందినవాడు తిరిగి ఓనమాలు దిద్దుకొనుట యన నిట్టిది. 1923 మొదలుకొని 1938 వరకు కాండె నాస్టువారి పత్రికలకు ప్రధాన ఛాయాచిత్రకారుడై మిక్కిలి గడించెను. ప్రకటనలకును పటములు తీసెను. కళను అంగడిలో పెట్టెనని తోడివారు కొందరు నిందించిరి. ఆ నింద పూర్తిగా నిరాధారము గాదు. కాని పనితనము చెడలేదు. 1928లో సినిమాతార గ్రెటా గార్బో వేషము మధ్య అయిదు నిమిషముల విరామమున వచ్చి కూర్చుండగా, ఆ సినిమా జుట్టు ముడి బాగులేదని అతడు విచారమును వెలిబుచ్చెను. ఆమె చిరాకుతో రెండు చేతులను తలకెత్తి జుట్టును వెనుకకు నొక్కిపట్టెను. అప్పుడు తీసినదే ఆమె పటములలో సుప్రసిద్ధమైనది. పాతికేండ్ల క్రిందటి మోర్గను పాఠమును అతడు మరువలేదు.

రెండవ యుద్ధమున అరువదిదాటిన వయస్సున నౌకాదళమున చేరెను. 1947 నుండి 1962 వరకు న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలయందు ఛాయాచిత్రశాఖకు అధ్యక్షుడై, 1955లో మానవకుటుంబమను ప్రదర్శనమును నెలకొల్పెను. 68 దేశములనుండి 273 మంది తీసిన 503 పటములు అందుండెను. సత్యజిత్ రాయి గారి పథేర్ పాంచాలినుండి తీసిన పటమొకటి యందున్నది. ఆ ప్రదర్శనము మనదేశమునకును వచ్చెను. అది నేడు అతని జన్మభూమియగు లక్సెంబర్గులో క్లెర్వో కోటయందు శాశ్వతముగ నిలిచియున్నది. 1973 మార్చి 25న, తొంబదినాలుగేండ్లు నిండుటకు రెండు దినములుండగా, కనెక్టికటులో అతడు మరణించెను.

మోర్గను 1904 నుండి మరణపర్యంతము న్యూయార్కు మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలకు అధ్యక్షుడుగ నుండెను. ఆయన చింపివేసిన రూపముయొక్క ప్రతి యొకటి, స్టీగ్లిట్జు సేకరణతోబాటు, నేడు ఆ శాలలోనే భద్రపరుపబడియున్నది.